మీసంగల సిద్ధాంతం

తిరుత్తణి రాజమాణిక్యానికి సిద్ధాంతాలున్నాయని ఆ ఉదయం వరకూ ఆయనకే తెలియదు. ఆవడి ఫ్యాక్టరీకి రైల్లో వెళ్లొస్తూ, దువ్విన మీసంతో ఫోటోలు దిగి ‘ఊరంతా’ ఆప్‌లో పెట్టుకునే అమాయకుడు. ముందురోజు ఆ మీసానికి నాలుగు లైకులొచ్చాయి. అందులో ఒకటి ఆయన కొట్టుకున్నదే. బామ్మర్ది శరత్‌కుమార్ పెట్టిన పులికాట్ రొయ్యల వేపుడుకు మాత్రం జనం విరగబడ్డారు.

“ఈ ఆప్ మనుషుల్ని చెడగొడుతోంది. సిద్ధాంతరీత్యా తప్పుకుంటున్నాను. సెలవు” అని రాసి పడేసి, అందరూ వచ్చి బతిమాలుతారని ఫోను పట్టుకుని కూర్చున్నాడు.

ఎవరూ రాలేదు. సాయంత్రానికి శరత్‌కుమార్ ఒక్కడే చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. పోయినవాళ్లకు పెట్టే బొమ్మ అది.

“ఏమ్మే, నేను పోతాండానంటే ఒక్కడైనా ‘యాడికి పోతావన్నా’ అని అడగలేదే!” అని భార్య శోభన దగ్గర మొత్తుకున్నాడు.

“యాడికి పోతావు మామా, వంటింట్లోనే గదా ఉండావు” అంది శోభన. “ఉత్తినే వదిలితే ఎవురు నమ్ముతారు? కొండకు పొయ్యి, ఇంక ఆప్ ముట్టనని మురుగన్ ముందర మొక్కుకోని, గుండు కొట్టించుకో.”

వెనక్కి తగ్గితే పరువు పోతుంది. రాజమాణిక్యం గుండుకు ఒప్పుకున్నాడు. కొండమీద మంగలి కత్తి మూతి దగ్గరికి రాగానే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాడు.

“మీసం తీస్తే నేను నేనే గాదమ్మే!”

“సరేలే, ఉండనీ” అంది శోభన.

ఆ గుండునూ మీసాన్నీ ఫోటో తీసి ఆవిడ తన ఖాతాలో పెట్టింది. ఇంక చూడండి, లైకుల వరద! రొయ్యలు అడ్రసు లేకుండా పోయాయి. శోభన కామెంట్లు చదువుకుంటూ పడిపడి నవ్వుతోంది.

“ఏమంటాండారు?”

“నీకెందుకు మామా? వదిలేసినావు గదా!”

రాజమాణిక్యం ప్రాణం గిలగిల్లాడింది. జన్మలో వచ్చిన తొలి కీర్తిని తానే చూసుకోలేకపోవడమా! వంటింటి గోడమీది మురుగన్ క్యాలెండరును గబుక్కున ఫోటో తీశాడు. బాత్రూములో దూరి, ఆ బొమ్మతో ‘మురుగదాసు’ అని కొత్త ఖాతా తెరిచి కడుపునిండా చదువుకున్నాడు. చదివినవాడు ఊరుకోవచ్చుగా! “గుండు సంగతి సరే, ఆ మీసం సింహం!” అని కామెంటు కూడా పెట్టేశాడు.

బయటికొచ్చేసరికి శోభన ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

“ఈ మురుగదాసు ఎవురో గానీ మామా, మన క్యాలెండరే వాళ్లింట్లోనూ ఉండాది. పక్కన నా కూరగాయల సంచి గూడా తగిలించుకోనుండాడు.”

రాజమాణిక్యం సిగ్గుతో గుండు తడుముకున్నాడు.

“తప్పయిపాయ. మొక్కు తప్పితే ఏం చెయ్యాల?”

“మళ్లా కొండకు పోవాల.”

“పొయ్యి? కొట్టించుకునేదానికి వెంట్రుక యాడుండాది?” అన్నాడు, ఈసారికి తానే గెలిచానన్న ధీమాతో.

శోభన ఆయన ముక్కు కిందికే చూస్తూ చెప్పులేసుకుంది.