ముగ్గుకు అడ్డమైన రాయి

ముందుగా ఒక మాట. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారిపోతే మీరే పెట్టుకుని చదవండి. నా చెయ్యి మెల్లగా కదులుతుంది, పేజీకి ఒక పూట పడుతుంది. కథలో కారు మాత్రం ఆగదు.

అప్పటికి పోలీసు యాక్షన్ అయి పదేండ్లు గడిచాయి. సుల్తానాబాద్ దగ్గరి ఆ ఊళ్ళో దొరతనం కాగితాల మీద పోయింది కాని, లింగారావు దొర కోటలాంటి గడి మిట్ట మీద అలాగే ఉంది, గడి ముందు నల్ల కారూ ఉంది. ఆ కారు దారిన పోతుంటే జనం పక్కకు జరిగి తల వంచి దండం పెట్టేవారు. దుమ్ము అణిగేదాకా ఎవరూ తల ఎత్తేవారు కాదు. ఎత్తినా కనిపించేదేమీ లేదు. గడి ఆడవాళ్ళ ఘోషా కోసం వెనుక సీటు చుట్టూ పరదాలు కట్టి ఉండేవి.

ఆ కారుకు డ్రైవరు అంతయ్య. అతని భార్య ఐలవ్వ గడి వాకిలి ఊడ్చి, పేడనీళ్ళ సానుపు చల్లి, ముగ్గు వేసేది. ఒకనాడు కొండగట్టు నుంచి వచ్చి దొర దిగుతుండగా కారు వెనక్కి జారి ఆయన కొత్త చెప్పును నలిపేసింది. అప్పుడు చెప్పులో కాలు లేకపోవడం అంతయ్య అదృష్టం.

"రేపు పదింటికి పెద్దపల్లి టేషన్‌కు పోవాలె. వియ్యంకుడు సుదర్శన్‌రావు దిగుతుండు," అన్నాడు దొర. "బండి పెట్టినకాడ నిలవడితె నువ్వుంటవ్. లేకుంటె మూట గట్టుకో."

దొర అన్ని మాటలు మాట్లాడటమే ఊళ్ళో వింత. ఎవరేమడిగినా గొంతులో "ఊఁ" అనడం ఆయన అలవాటు. అదే హుకుం.

తెల్లవారగానే అంతయ్య కారు కిందికి దూరాడు. చేతి బ్రేకు పిడిని పైదాకా లాగినా ఎక్కడా పట్టు తగలడం లేదు. కింద చూస్తే తీగ బట్టలారేసే తాడులా వేలాడుతోంది.

"తెగిందా?" అని వంగి అడిగింది ఐలవ్వ.

"తెగలే, వదులైంది. గీడ రెండు నట్లుండాలె. ఒకటి తీగను గుంజి వడ్తది. రెండోది గా మొదటిదాన్ని తిరగకుంట వడ్తది. గా రెండోది ఏడనో రాలిపోయింది. గందుకే మొదటిది తిరుక్కుంట తిరుక్కుంట కొసకొచ్చింది."

"అంటె మొగనికి పెండ్లామసొంటిదన్నట్టు."

"పెండ్లామైతె రాలదు. రాలితె బాగుండు," అంటూ అంతయ్య బయటికి వచ్చాడు. ముందు చక్రానికి రాయి అడ్డం పెట్టి, "బుచ్చిరాములు మిల్లుకాడ నట్టు తెస్త. నువ్వు జర సీట్లు తుడువు," అని పరుగెత్తాడు. తీగ పట్టు చూడటానికి తీసిన గేరును మళ్ళీ వేయడం మరిచాడు.

వియ్యంకుడు వచ్చే రోజు కాబట్టి ఐలవ్వ పెద్ద ముగ్గు మొదలుపెట్టింది. చుక్కలన్నీ కుదిరాయి, ఒక్క చుక్క చోట మాత్రం రాయి ఉంది. ముగ్గుకు అడ్డం వచ్చినదాన్ని తీసి పక్కన పెట్టడం ఆమెకు చిన్ననాటి అలవాటు. పక్కన పెట్టింది. చుక్క పెట్టి గీత కలిపింది. సానుపు తడికి చక్రం కొంచెం దిగబడి ఉండటంతో కారు కదల్లేదు. ఆమె గుడ్డ పట్టుకుని వెనుక సీట్లోకి ఎక్కి, దుమ్ము రాకుండా తలుపు వేసుకుంది. ఆ కుదుపుకు కారు ముగ్గు మీదుగా మెల్లగా బయలుదేరింది.

"ఏందయ్యా, అప్పుడే వచ్చినవా?" అని ఐలవ్వ ముందు పరదా జరిపింది. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది.

ఎడ్లబండ్లు తిరిగి తిరిగి ఆ దారిలో రెండు లోతైన జాడలు పడి ఉన్నాయి. కారు చక్రాలు వాటిలోకి దిగి, పట్టాల మీద రైలులా నేరుగా ఊళ్ళోకి ఉరికాయి. బిందెలతో వస్తున్న కనకవ్వ, బిందెలు ఒలకనంత మేరకు వంగింది. గడ్డం సగం గీయించుకున్న హనుమండ్లు సబ్బు నురగతోనే లేచి చేతులు జోడించాడు. ఆపమని అరవబోయి ఐలవ్వ నోరు మూసుకుంది. దొర సీట్లో పనిమనిషి ఊరేగిందని తెలిస్తే అంతయ్యకు ఇక మూటే.

మలుపులో ఆమె అత్త లస్మవ్వ నిలబడి ఉంది. కోడలిని ఏనాడూ మంచిగా పలకరించని లస్మవ్వ, నడుము నొప్పి కూడా మరిచి నేలదాకా వంగి దండం పెట్టింది. అంత భయంలోనూ ఐలవ్వ పరదా సందులోంచి అది చివరిదాకా చూసింది.

చావడి ముందు దారి ఎత్తెక్కుతుంది. కారు కొంచెం ఎక్కి, వెనక్కి జారి, పల్లంలో ఆగింది. అరుగు మీది పటేలు లచ్చయ్య, రైతులు గబగబా దిగి తలలు వంచారు. దొర దిగలేదు. రెండేండ్లుగా నీళ్ళ కోసం తిరుగుతున్న రాయమల్లు పటేలు వీపులో పొడిచాడు.

"దొరా," అన్నాడు పటేలు నేలను చూస్తూ. "కింది పొలాలు ఎండుతున్నయ్. చెరువు తూము రెండు దినాలు ఇడువుమంటరా?"

వినపడలేదేమోనని పటేలు తలుపు దగ్గరికి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు వేస్తే అంతా అయిపోయినట్టే. ఐలవ్వ గొంతు లోతుకు దించింది. ఆరేండ్లుగా చీపురు పట్టుకుని రోజూ వింటున్నదే.

"ఊఁ."

దొర మనసు మారేలోపల రాయమల్లు తూము దిక్కు పరుగు తీశాడు.

అప్పుడే అంతయ్య నట్టుతో మిల్లు నుంచి వచ్చి కారును చూశాడు. దొరే స్వయంగా నడిపి తెచ్చుకున్నాడనుకుని పరదా ముందు చేతులు జోడించాడు. "దొరా, తప్పయింది. గీ ఒక్కసారి..."

"నేనే," అని లోపల గుసగుస. "నోరు మూసుకొని తీగ గుంజు."

అంతయ్య పానా తీసుకుని కారు కిందికి దూరాడు. మొదటి నట్టును బిగించి, లేచి పిడి లాగి, మళ్ళీ దూరి బిగించాడు. పిడి నాలుగో టిక్కుకు గట్టిగా పట్టుకున్నాక, దాని వెనక రెండో నట్టు వేసి రెండింటినీ ఒకదానికొకటి బిగించాడు. అంతసేపూ చావడి జనం తలలు వంచే ఉన్నారు. కారు గడికి తిరిగి వెళ్ళింది.

చక్రాలు తొక్కిన ముగ్గు మధ్యలో దొర నిలబడి ఉన్నాడు. గుడ్డతో వెనుక సీటు దిగుతున్న ఐలవ్వను చూసి, "మూట," అన్నాడు. అంతలో పటేలు, రైతులు రొప్పుతూ వచ్చి చేతులు జోడించారు.

"మీరన్నట్టె తూము ఇడిసినం దొరా."

"ఎప్పుడన్న?"

"గిప్పుడే, చావడికాడ, కార్ల కూసోని. ఊరంత దండం వెట్టినం గద."

దొర పటేలును చూశాడు, కారును చూశాడు, ఐలవ్వ చేతిలోని గుడ్డను చూశాడు. తాను అనలేదంటే, ఊరు ఎవరికి దండం పెట్టిందో చెప్పాలి. అది సాయంత్రానికి వియ్యంకుడి చెవిన కూడా పడుతుంది. మెల్లగా "ఊఁ" అన్నాడు.

"చావడికాడ ఇంకా గట్టిగన్నరు, దొరా," అన్నాడు పటేలు వినయంగా.

దొర కారెక్కి పిడి లాగాడు. దిగి రెండు చేతులతో నెట్టాడు. కారు ఇంచు కూడా కదల్లేదు. "టేషన్‌కు పా," అని వెనుక కూర్చున్నాడు. అంతయ్య మూట కట్టుకోలేదు.

ఐలవ్వ ఈ సంగతి కనకవ్వకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు కింది పొలాలు పండాయి, బ్రేకు తీగ మళ్ళీ వదులు కాలేదు. జనం మాత్రం కారు వస్తే ముందు తల ఎత్తి, లోపల ఎవరున్నారో చూసుకుని, ఆ తర్వాతే దండం సంగతి ఆలోచించేవారు.

ఐలవ్వ, అంతయ్య భార్య
వయసు డెబ్బై రెండు
ఇప్పుడు ఉంటున్నది సుల్తానాబాద్, పాత మిల్లు వెనుక సందు