కండక్టరుగారి వీపు

ఆ ఉదయం రిటైరైన కండక్టరుగారు పెట్టుకున్న పని ఒక్కటే: అటెండెంటు వచ్చేలోగా తన వీపు తనే రుద్దుకోవాలి. భుజం పట్టేసినప్పటి నుంచీ ఆయన చేయి వెనక్కి పోవడం లేదు. స్నానం చేయించడానికి మనిషిని పెడతానని కొడుకు పట్టుబట్టి, ఇవాళ ఒకణ్ణి రమ్మన్నాడు కూడా. బస్సు నిండా జనాన్ని కంటిచూపుతో సర్దిన మనిషి, పరాయివాడి ముందు ముడుచుకు కూర్చుని ఒళ్లు రుద్దించుకోవడమా?

కోడలు పొడవాటి గరుకు టవలు తెచ్చి ఇచ్చింది. "ఒక కొస భుజం మీంచి, ఇంకోటి నడుం దగ్గర పట్టుకుని లాగండి మావయ్యగారూ. మెల్లగా! మీ వీపు అడుగంటిన గిన్నె కాదు."

"తెలుసులే అమ్మాయ్. గడియ పెట్టను. తలుపు ఒకసారి కొడితే ఆగమని. రెండుసార్లు కొడితే రైట్, లోపలికి రమ్మని."

నడుముకి తుండు బిగించి, టవలుకి సబ్బు పట్టించి మొదలుపెట్టారు. ఎన్నాళ్ల దురదో తీరి ప్రాణం లేచొచ్చింది. అంతలో కింది కొస వెళ్లి షవరు పిడికి చుట్టుకుంది. లాగారు. రాలేదు. పళ్లు బిగించి మళ్లీ లాగారు. టవలు ఊడింది, షవరు పూర్తిగా తెరుచుకుంది, ఆ ఊపులో మోచేయి తగిలి మగ్గు ఎగిరి తలుపుకి ఢామ్మని కొట్టుకుంది. కింద పడి, ఎగిరి మళ్లీ తలుపునే తాకింది.

"రెండు కొట్టారండీ!" అని కోడలు మొగుణ్ణి కేకేసింది.

"రావద్దర్రా!" అన్న ఆయన అరుపు షవరు హోరులో కలిసిపోయింది. గబుక్కున తలుపుకి వీపు ఆనించి, పిడికిలితో ఒక్కటి గుద్దారు. సరిగ్గా అప్పుడే అవతలి నుంచి కొడుకు తలుపు చరిచాడు.

"మళ్లీ రెండు!" అని కోడలు కంగారుపడింది. "తలుపూ రావట్లేదు. పడిపోయి అడ్డంగా ఉన్నారేమో!"

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన అటెండెంటు, "తప్పుకోండి సార్, నేను చూసుకుంటా" అంటూ భుజంతో తలుపుని కుమ్మాడు. సబ్బు వీపు జారి కండక్టరుగారు పక్కకి ఒరిగారు. అటెండెంటు నురగ మీద జారుకుంటూ వెళ్లి షవరు కింద చతికిలబడ్డాడు.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"లేదండీ... కళ్లలో సబ్బు..."

"కదలకు. చొక్కా విప్పు." ఆయన వాడి నెత్తిన నాలుగు మగ్గులు పోసి, టవలు అందుకుని వీపు రుద్దడం మొదలుపెట్టారు.

కొడుకు నోరు తెరిచాడు. "నాన్నా, నీ భుజం!"

"ఆ లాగుడికి పట్టు వదిలిందిరా."

"కొంచెం ఎడంపక్కకండీ" అన్నాడు అటెండెంటు, కళ్లు మూసుకునే.

స్నానం చేయించే మనిషి మొత్తానికి ఆ ఇంట్లో కుదిరాడు.