బొరుగుల పుణ్యం

“తుంగభద్రలో చేపకు కష్టమొచ్చింది! చేపకు కష్టమొస్తే నదికి కష్టమొచ్చినట్టే. నదికి కష్టమొస్తే దేశానికే కష్టమొచ్చినట్టు! ఈ కష్టం తీర్చేదాకా మనం ముద్ద ముట్టడానికి వీల్లేదు!”

అని విరూపాక్షయ్య శెట్టి బల్ల గుద్ది చెప్పి, కూర్చుని, ఉప్మా తిన్నాడు.

బళ్ళారి జిల్లా మద్రాసు చేతిలోంచి మైసూరు చేతిలోకి వచ్చిన కొత్తలు అవి. మనుషులు ఎవరికి చెందుతారో పెద్దలు తేల్చేశారు గానీ, మృగాలూ చేపలూ ఎవరివో తేల్చేవాడు లేకపోయాడు. ఆ లోటు తీర్చడానికే బళ్ళారిలో వన్యప్రాణి మత్స్య సంరక్షణ సంఘం పుట్టింది. సభ జరిగింది ప్లీడరు కేశవమూర్తి బంగళాలో. కేశవమూర్తి సంఘానికి కార్యదర్శి. కప్పగల్లు మొదలుకొని సిరుగుప్ప దాకా జింకలన్నిటినీ కాల్చి, ఇంక కాల్చడానికేమీ మిగలకపోయేసరికి, వాటిని కాపాడాలన్న జ్ఞానం కలిగినవాడు. అతను కాపాడలేకపోయిన జింకల తలలు గోడల నిండా ఉన్నాయి. అధ్యక్షుల ఉపన్యాసానికి అందరూ చప్పట్లు కొట్టారు, ఆ తలలు తప్ప.

అధ్యక్షుడు విరూపాక్షయ్య బజారులో పేరున్న బట్టల వర్తకుడు. వంకాయలో పురుగు కనబడితే ఆ పూట కూరే మానేసే ఇల్లు అతనిది. ఉల్లిగడ్డ ఆ గడప దాటి ఎరగదు. అలాంటి మనిషికి చేపల మీద ఇంత కరుణ ఎలా పుట్టిందంటారా? అదొక పెద్ద కథ.

కొన్నేళ్ళ క్రితం కేశవమూర్తి అతన్ని వేటకని కెంచనగుడ్డ దగ్గర ఏటిగడ్డకు తీసుకెళ్ళాడు. తుపాకి పేలింది. శెట్టి మూర్ఛపోయాడు. తెలివొచ్చేసరికి పక్కన చేప వేగుతున్న వాసన. ఔషధమే అనుకుని ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఆ తరువాత రోగం లేకపోయినా ఔషధం మాత్రం మానలేదు. ఆదివారం వచ్చిందంటే చాలు, “ఏటిగాలి తగలాలన్నాడు డాక్టరు” అని మోటారెక్కేవాడు.

బళ్ళారిలో అతను చేప కొనలేడు. చేపల గంప వైపు తలతిప్పితే సాయంత్రానికల్లా కన్యకాపరమేశ్వరి గుళ్ళో తెలిసిపోతుంది. ఆ గుడి ధర్మకర్త కుర్చీ మీద శెట్టికి ఎన్నాళ్ళనుంచో కన్ను. కాబట్టి కెంచనగుడ్డే గతి. అక్కడ బెస్త హుసేనప్ప వల వేసేవాడు, అతని పెళ్ళాం దుర్గక్క పులుసు పెట్టేది. ఎండాకాలంలో ఏరు ఇసుకై, ఒక్క మడుగులో మాత్రమే నీళ్ళు నిలిచేవి. ఆ మడుగులోని చేపలే హుసేనప్ప ఇంటికి నాలుగు నెలల కూడు. అతను శనివారం పట్టిన పెద్ద చేపలన్నీ సిరుగుప్ప సంతలో అమ్ముకునేవాడు. ఆదివారం శెట్టి ఆకులోకి వచ్చేవి చిన్నచిన్న ముళ్ళ చేపలు.

అదీ చేపకు వచ్చిన కష్టం!

సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది: కెంచనగుడ్డ మడుగులో ఎవరూ వల వేయరాదు. సంఘ సభ్యులు మాత్రం చేపల ఆరోగ్యాన్ని పరిశీలించడానికి పట్టవచ్చు. కేశవమూర్తి ఈ కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఆ ఆఫీసుల్లో మడుగును చూసినవారెవరూ లేరు గనుక ఉత్తర్వు తొందరగానే వచ్చింది. పరిశీలించిన చేప తిరిగి నీళ్ళలోకి వెళ్ళిన దాఖలా మాత్రం ఎక్కడా లేదు.

మరుసటి ఆదివారమే హుసేనప్ప వలను జప్తు చేశారు. అది మళ్ళీ దుర్వినియోగం కాకుండా శెట్టి మోటారు డిక్కీలో భద్రపరిచారు. హుసేనప్ప తలగుడ్డ చేతిలో పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

“సావుకారప్పా, ఎండాకాలం ఏట్లో నీల్లు యాడుండాయి? మాకు ఉండేది ఆ మడుగొక్కటే. వల గుంజుకుంటే పిల్లోల్లకు ఏం పెట్టల్ల?”

“నీకింత జీవకారుణ్యం లేకపోతే ఎట్లప్పా?” అని శెట్టి నొచ్చుకున్నాడు. “వాటికీ పిల్లలుంటాయి గదా! అయినా నిన్ను వదిలేస్తామా? ఈ మడుగుకు నిన్నే కావలి పెడుతుండాము.”

“జీతమేమిస్తారు?”

“పుణ్యకార్యానికి జీతమేందప్పా! పుణ్యమంతా నీకే గదా వస్తాండేది!”

దుర్గక్క చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏదో గొణిగింది. అది పుణ్యం గురించి కాదు.

ఆమెకు మాత్రం పని పోలేదు. పరిశీలించిన చేపలను వండాలి కదా! కావలివాళ్ళు ఆ చేపలను తినకూడదన్నది సంఘం నియమం. వండినందుకు కూలి, ఎరకు పోగా మిగిలిన బొరుగులు, అంటే మరమరాలు. హుసేనప్ప పిల్లలు ఆ ఎండాకాలం బొరుగులు తిని బతికారు.

బొరుగుల సంగతి కూడా చెప్పాలి. గాలానికి చేప పడాలంటే ఓర్పు కావాలి. సంఘంలో ఓర్పు తప్ప అన్నీ ఉన్నాయి. అందుకని శెట్టి ఒడ్డున నిలబడి గుప్పెడు గుప్పెడు బొరుగులు నీళ్ళలో చల్లేవాడు. చేపలు గుమిగూడేవి. కేశవమూర్తి హుసేనప్ప దగ్గర గుంజుకున్న వలనే విసిరి పరిశీలనకు పైకి లాగేవాడు. ఆ బొరుగులు కట్టి ఇచ్చేది శెట్టి భార్య లక్ష్మీకాంతమ్మ. భర్త ఏటిలో చేపలకు మేత వేసి వస్తున్నాడని విని ఆమె పొంగిపోయింది. శనివారం రాత్రి స్నానం చేసి, మడికట్టుకుని, బొరుగుల్లో ఇసుక చెరిగి, రాళ్ళు ఏరి, శుభ్రమైన గుడ్డలో మూటకట్టేది. దేవుడి సొమ్మని ఇంట్లో ఎవరినీ ముట్టనిచ్చేది కాదు.

ఉత్తర్వు ఉన్నా పక్క పల్లెలవాళ్ళు దొంగచాటుగా వలలు వేస్తున్నారు. ఉత్తర్వుకు భయపడనివాడు దేవుడికి భయపడతాడని శెట్టికి తోచింది. “ఈ చేపలు చేపలు కావప్పా! స్వామి మొదటి అవతారం! ఇవి తిన్నోని వంశం నిలవదు!” అని ఊరందరినీ పిలిచి గంటసేపు చెప్పాడు. దేవుడికి ఒక గుర్తుండాలి గదా. కొత్తరాయి కొనడం దండగ. దుర్గక్క ఇంటి వెనక కారం నూరే బండ కనబడింది. దాన్ని ఎత్తించి, ఒకవైపు చేప బొమ్మ చెక్కించి, సున్నం కొట్టించి మడుగు ఒడ్డున నిలబెట్టాడు. మత్స్యమూర్తి వెలిశాడు!

“నూరుకునేది దేంట్లో సావుకారప్పా?” అని దుర్గక్క అడిగింది.

“దేవుడైన రాయిని అట్లా అడగకూడదమ్మా, కండ్లు పోతాయి,” అన్నాడు శెట్టి. ఆమె అప్పటినుంచి పక్కింటి బండ మీద, శెట్టి పులుసుకే, కారం నూరింది.

ఇంతలో బళ్ళారిలో శెట్టి పుణ్యం పండసాగింది. లక్ష్మీకాంతమ్మ చెప్పిన మాట బజారంతా పాకింది. వాసవీ జయంతి నాడు అతనికి ‘జీవకారుణ్య భూషణ’ బిరుదు ఇచ్చి, ధర్మకర్తను చేద్దామని గుళ్ళో పెద్దలు నిశ్చయించారు. కప్పే శాలువా కూడా శెట్టి అంగడిలోనే కొన్నారు. ఆయన లాభం తీసుకునే అమ్మాడు.

జయంతికి ముందు వచ్చిన ఆదివారం. మడుగు ఒడ్డున తుమ్మచెట్టు నీడ. వల తంగేడు పొదల మీద ఆరుతూంది. ఆ రోజు పరిశీలనకు దొరికిన చేప చంటిబిడ్డంత ఉంది. శెట్టి ఆకు ముందు బాసింపట్టు వేసుకుని, తలకాయ ముక్క చేత్తో విరిచి, కళ్ళు మూసుకుని జుర్రుతున్నాడు. అంతలో మెరకమీద బస్సు ఆగింది.

బస్సునిండా బజారు ఆడవాళ్ళు! చేతుల్లో పసుపు, కొబ్బరికాయలు, ఒక్కొక్కరి ఒడిలో బొరుగులు. ముందు నడుస్తున్నది పద్మావతమ్మ, గుడి మహిళా మండలికి పెద్ద. పక్కన లక్ష్మీకాంతమ్మ. భూషణుడి మడుగును కళ్ళారా చూసి, తామూ మేత వేసి, ఆయన్ను ఆశ్చర్యపరచాలని వచ్చారు. ఆశ్చర్యపడడంలో ఆయన ఏ లోటూ చేయలేదు.

కేశవమూర్తి తుపాకి తీసుకుని పక్షులను పరిశీలించడానికి పొదల్లోకి పోయాడు. మళ్ళీ కనబడలేదు. శెట్టి లేచాడు. చెయ్యి కడుక్కునే వ్యవధి లేదు. కుడిచెయ్యి కండువాలో చుట్టి, ఎడమచెయ్యి హుసేనప్ప వైపు చాచి గొంతెత్తి అరిచాడు.

“దొంగ! దొంగ! పట్టుకున్నా! చూడండమ్మా, స్వామి చేపను చంపి వండుకుని తింటాండాడు! కావలి పెడితే కంచే చేను మేసింది!”

ఆడవాళ్ళు గబగబా దిగొచ్చి చూశారు. ఎదురుగా వల ఉంది, కుండ ఉంది, ఆకులో చేప ఉంది. ఇంకేం కావాలి?

“అయ్యో శివనే! నీ చేతులు పడిపోను!” అని పద్మావతమ్మ హుసేనప్పను శపించింది. “అన్నా, వీన్ని పోలీసోల్లకు పట్టియ్యి! జైల్లో ఏపియ్యి!”

“ఏపిస్తా! నేనే ఏపిస్తా!” అన్నాడు శెట్టి. ఎన్నాళ్ళో తనకు చేపలు పట్టి పెట్టిన మనిషి కళ్ళలోకి చూస్తూనే అన్నాడు. నోరు తొణకలేదు, కళ్ళు బెదరలేదు. సిగ్గు అనే సరుకు అతని అంగడిలో ఎప్పుడూ లేదు.

హుసేనప్ప ముఖం నల్లబడింది. జైలంటే ఆ ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్టే.

“నేను తినలేదమ్మా,” అన్నాడు. “ఆ బండ ముట్టి ప్రమాణం చేస్తా. మా ఊరి కట్టడి ఒకటుండాది. దొంగతనం మాటొస్తే అక్కడున్నోల్లంతా దేవున్ని ముట్టి చెప్పల్ల. సావుకారూ చెప్పల్ల.”

“చెప్పకేం! మా అన్నకేం భయం?” అంది పద్మావతమ్మ.

హుసేనప్ప ఏట్లో మునిగొచ్చి, తడిగుడ్డలతో సున్నపు బండ మీద చెయ్యి పెట్టాడు. “ఈ బండ పెట్టిన కాన్నుంచి ఈ మడుగు చేప నేను పట్టలేదు, తినలేదు. అబద్ధమైతే నా పిల్లోల్లు నాకు దక్కకుండా పోనీ.”

అందరూ శెట్టివైపు తిరిగారు. అతను ఒక్క క్షణం ఆలోచించాడు. ఆ బండ సంగతి తనకంటే బాగా ఎవరికి తెలుసు? కారం నూరే బండ కళ్ళు తీస్తుందా, కాళ్ళు తీస్తుందా? ధైర్యంగా నడిచొచ్చి, కండువాలోంచి చెయ్యి తీసి, బండ మీద నిండుగా ఆనించాడు.

“ఈ జన్మలో చేప నేను ముట్టి ఎరగను! దీనికి స్వామే సాక్షి!”

చెయ్యి తీశాడు. తెల్లటి బండ మీద అయిదు వేళ్ళూ ఎర్రగా పడ్డాయి.

“కుంకం!” అని కేక పెట్టింది పద్మావతమ్మ. “రాతిలోంచి కుంకం పుట్టిందే! స్వామి పలికినాడే!” ఆడవాళ్ళంతా గోవిందా అని మోకరిల్లారు. పద్మావతమ్మ ఆ ఎరుపును వేలితో తీసి నొసట పెట్టుకుని, భక్తి పొంగి కళ్ళకూ అద్దుకుంది. మరుక్షణం “మంట! మంట!” అని గెంతులు వేసింది.

లక్ష్మీకాంతమ్మ దగ్గరికొచ్చింది. బండను వేలితో ముట్టింది. వాసన చూసింది. పొయ్యి దగ్గరున్న దుర్గక్క వైపు తిరిగింది.

“ఏమేం వేసినావమ్మా, ఇందులో?”

దుర్గక్క అమాయకంగా చెప్పిందో, కావాలనే చెప్పిందో ఆ మడుగుకే తెలియాలి.

“ఉల్లిగడ్డ, చింతపండు, మెంతిపొడి తల్లీ. ఎల్లిపాయ దండిగా ఏయల్ల. మీ ఆయప్పకు అట్లుంటేనే నోటికి పడతాది. తలకాయ ముక్క ఇంకెవురికీ పెట్టనియ్యడు. ఆదివారం ఆదివారం బొరుగులు చల్లేది, పట్టేది, ఇదే గదమ్మా!”

శెట్టి చెయ్యి మళ్ళీ కండువాలో దాచుకున్నాడు. కండువా మీద పులుసు మరకలు మాత్రం బాగా కనబడుతున్నాయి.

లక్ష్మీకాంతమ్మ ఒడిలోని బొరుగుల మూటను చూసుకుంది. ఆమెకు చేప తిన్నందుకు రాలేదు ఏడుపు. “తింటే తింటిరి,” అంది. “మడి కట్టుకోని, రాళ్ళేరి, దేవునికని ఇస్తి గదా. నా చేత ఎర కట్టిస్తారా? పైగా తిన్నది మీరు, జైలు ఈయప్పకా?”

ఆమె పొదల దగ్గరికి పోయి, మడిబట్టలతోనే ఆ చేపల వలను రెండు చేతులా ఎత్తి హుసేనప్ప భుజం మీద వేసింది.

“నీ వల నువ్వు తీసుకోప్పా. నిన్ను అడిగేటోడు ఎవడొస్తాడో చూస్తా.”

వాసవీ జయంతికి బిరుదు ఎవరికీ ఇవ్వలేదు. శాలువా శెట్టి అంగడికే వాపసు వచ్చింది. ధర్మకర్త కుర్చీలో వేరొకరు కూర్చున్నారు. మడుగు ఉత్తర్వు ఏమైందో ఎవరూ అడగలేదు, అడిగే ముఖం సంఘానికి లేదు. హుసేనప్ప శనివారం సంతకు పోతున్నాడు. దుర్గక్క మత్స్యమూర్తిని ఇంటి వెనక్కి మోయించి, చేప బొమ్మ కిందికి తిప్పి, కారం నూరుకుంటూంది. కళ్ళు పోలేదు.

సంఘం మాత్రం చావలేదు. నెల తిరక్కుండానే జింకల తలల కింద మళ్ళీ సభ జరిగింది. చోరనూరు గుట్టల్లో కౌజుపిట్టలకు మహా కష్టమొచ్చిందని కేశవమూర్తి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తీర్మానాన్ని విరూపాక్షయ్య బలపరిచాడు.

ఆ ఆదివారం పొద్దున అతను మోటారు తాళం తిప్పుకుంటూ గడపలో నిలబడ్డాడు. ఎదురు అంగళ్ళవాళ్ళు అప్పుడే తలుపులు తీస్తున్నారు.

“ఏటిగాలి వంటికి పడలేదంటాడు డాక్టరు,” అన్నాడు. “గుట్టల గాలి మంచిదంట.”

“అట్లనా?” అంది లక్ష్మీకాంతమ్మ, వీధి వీధంతా వినబడేటట్టు. “కౌజులు బొరుగులకు వస్తాయో రావో. జొన్నలు కట్టియ్యమంటారా?”