పొగమంచు మింగిన గొర్రెకు సాక్షులు

ఆ రోజు ఒడ్డుర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ఈతకొలనుకు వెళ్లి వేడినీళ్ల తొట్టిలో కాసేపు కూర్చోవాలి, ఇంటికొచ్చి కాఫీ తాగాలి, ఆ తర్వాత పిల్లల కోసం రాసిన తన మొదటి పుస్తకం రాతప్రతిని రేక్యావిక్‌లోని ప్రచురణకర్తకు పంపాలి. ఐస్‌లాండ్‌లో పుస్తకం రాయని మనిషి దొరకడం కష్టం. ఒడ్డుర్ ఉండే అకురేరి ఊళ్లోనే పళ్ల డాక్టరు రాశాడు, మంచు ఎత్తే బండి డ్రైవరు రాశాడు, చర్చిలో గంట కొట్టేవాడు రెండు రాశాడు. అట్ట మీద తన పేరు చూసుకోకుండానే పోతానేమోనని ఒడ్డుర్‌కు దిగులు పట్టుకుంది.

కథ మాత్రం బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. చలి ముదరకముందు గొర్రెలన్నిటినీ కొండ మీద నుంచి దించేటప్పుడు ఒక గొర్రె దిగనని మొండికేస్తుంది. ఎవరికీ దొరకకూడదని పొగమంచునంతా మింగేస్తుంది, కడుపుబ్బి గాల్లోకి తేలుతుంది. రైతు దాన్ని పట్టుకుని చర్చి శిఖరానికి కట్టేస్తాడు. అది ఒక్క తుమ్ము తుమ్మేసరికి లోయంతా మళ్లీ పొగమంచు కమ్ముకుంటుంది.

తొట్టిలో మెడదాకా మునిగి కూర్చున్న బౌర్దుర్ ఈ సంగతి విని కనుబొమలెగరేశాడు. అతను ఒకప్పుడు చేపల వ్యాపారి.

"ఊరికే పంపించేస్తున్నావా? వాళ్లు కథ నొక్కేసి ఇంకోడి పేరు మీద వేసుకుంటే ఏం చేస్తావోయ్?"

నోరు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక అన్న మాట అది. కానీ ఒడ్డుర్ బతుకంతా బీమా ఆఫీసులో పనిచేసినవాడు. ఇల్లు కాలిపోయిందని ఏడుస్తూ వచ్చినవాణ్ణి, అగ్గిపెట్టె ఎక్కడ కొన్నావని అడిగిన ఘనుడు. రాతప్రతిని పంపడం మానేసి, కాఫీ కూడా తాగకుండా ఇంట్లో గిరగిరా తిరిగాడు.

"రాసిన రోజు నుంచే అది నీది. చట్టమే చెప్తోంది. ఎక్కడా నమోదు కూడా చేయించక్కర్లేదు," అంది భార్య సోల్రున్.

"నమోదు లేదు, ముద్ర లేదు, రసీదు లేదు! అదేం హక్కు?"

"పోనీ ఒక నకలు దగ్గర పెట్టుకో. ప్రచురించేవాళ్లతో ఒప్పందం సరిగ్గా చదివి సంతకం పెట్టు. అంతకంటే ఏం కావాలి?"

"సాక్షులు కావాలి," అన్నాడు ఒడ్డుర్.

మర్నాడు తొట్టిలో ఉన్నవాళ్లందరినీ సాక్షులుగా నియమించి కథ మొత్తం వినిపించాడు. నీళ్ల వేడికి తాళలేక సగం మంది సగం కథలోనే లేచిపోయారు. సగం విన్నవాడు సాక్షి కాడని బీమా ఆఫీసు నియమం. కాబట్టి ఆ మర్నాడు మళ్లీ చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా పరీక్షలు కూడా పెట్టాడు.

"బౌర్దుర్! గొర్రెని దేనికి కట్టారు?"

"పడవకి."

"తప్పు! మళ్లీ మొదట్నుంచి!"

నడుంనొప్పి తగ్గుతుందని తొట్టిలోకి దిగిన అమాయకులు కూడా సాక్షులై పైకొచ్చారు. శీతాకాలం నడిమికి వచ్చేసరికి ఆ కథను నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెప్పగలిగే జనం ఊరంతా తయారయ్యారు.

"దొంగలొస్తారని ఊరందరికీ ఇంటి తాళంచెవులు పంచుతున్నావు," అంది సోల్రున్.

"వాళ్లు దొంగలు కాదు, నా సాక్షులు," అని ఒడ్డుర్ గర్వంగా రాతప్రతిని పంపించాడు.

ప్రచురణకర్త వ్యేదిస్ ఫోన్ చేసింది. "మీ రాత బాగుంది ఒడ్డుర్. కానీ రచయిత అని మీ పేరెందుకు వేసుకున్నారు? ఇది జానపద కథ కదా. మా అక్క పిల్లలు అకురేరి నుంచి వచ్చినప్పుడల్లా చెప్తారు."

ఒడ్డుర్ చేతిలోని ఫోన్‌ను ఒకసారి ఎగాదిగా చూశాడు. అయినా తేరుకున్నాడు. ఇలాంటి రోజు కోసమే కదా ఇంత ఏర్పాటు! "నాకు సాక్షులున్నారు. వచ్చి అడగండి," అన్నాడు.

ఆ శనివారం వ్యేదిస్ మంచు మీద జారే ఆటకు అకురేరి రానే వచ్చింది. విచారణ తొట్టిలోనే మొదలైంది.

"చెప్పు బౌర్దుర్. గొర్రె కథ నీకెవరు చెప్పారు?" అన్నాడు ఒడ్డుర్, ముఖం వెలిగిపోతుండగా.

బౌర్దుర్ పక్కనే కూర్చున్న మనవరాలి వైపు ఒకసారి చూశాడు. "మా అమ్మమ్మ," అన్నాడు.

"ఏమిటీ!"

"మా ఇంట్లోనూ చెప్పుకునేవాళ్లం. ఆ రైతు మా ముత్తాతకి సొంత తమ్ముడు," అంది ఎదురుగా ఉన్న గెర్దుర్ అనే ముసలావిడ.

"ఏ రైతు? వాణ్ణి నేను కల్పించాను!"

"మా వంశంలోవాణ్ణి నువ్వు కల్పించావా? పేర్లన్నీ రాసిపెట్టి ఉన్నాయి మా ఇంట్లో. నోరు జాగ్రత్త!"

ఇక ఆ చర్చి ఏ లోయలోదన్న దాని మీద పెద్ద గొడవ లేచింది. ఎవరికి వారు తమ లోయదే అన్నారు. ఒక్క విషయంలో మాత్రం అందరూ ఏకమయ్యారు. "అందరి కథనీ నీ ఒక్కడి పేరు మీద వేసుకుంటావా? సిగ్గులేదూ?" అని ఒడ్డుర్ మీద విరుచుకుపడ్డారు. ఇన్నేళ్లూ ఊరందరినీ దొంగల్లా చూసినవాడు, ఈత లాగుతో దొంగలా నిలబడ్డాడు.

బట్టలు మార్చుకునే గదిలో బౌర్దుర్ గుసగుసగా అన్నాడు. "ఏమనుకోకు. బీమా ఆఫీసు ఒడ్డుర్ చెప్పాడంటే ఏ పిల్లా వినదోయ్. అందుకే మా అమ్మమ్మ చెప్పిందన్నాను. మిగతావాళ్లూ అంతే అయ్యుంటారు."

"ఆ ముక్క అక్కడ చెప్పొచ్చుగా!"

"పక్కన కూర్చున్న పిల్ల ముందు అబద్ధాలకోరుని కమ్మంటావా? నువ్వు ఇంకో కథ రాసుకోవచ్చు. నాకు మనవరాలు ఒక్కతే."

వ్యేదిస్ పుస్తకం వేస్తానంది, కానీ జానపద కథగానే. అట్ట మీద పేరుండదు, లోపలెక్కడో 'సేకరణ: ఒడ్డుర్' అని ఉంటుంది. ఒడ్డుర్‌కు నిజంగా ఏడుపొచ్చింది.

"పేరు లేకపోతేనేం, పిల్లలు చదువుతారు కదా," అంది సోల్రున్.

"నేను రాసింది పిల్లల కోసమా?" అని నోరు జారాడు. రాతప్రతి తన పేరుతో సొరుగులో మగ్గడం కంటే ఇదే నయమనుకుని చివరికి సంతకం పెట్టాడు.

మరుసటి క్రిస్మస్‌కు పుస్తకం వచ్చింది. కానుకలుగా ఇంటింటికీ వెళ్లింది. పండుగ మర్నాడు పడమటి తీరం నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"సేకరించింది నువ్వేనా? బొమ్మల్లో గొర్రెకి తెల్లరంగు వేయించావేం? అది నల్లది. మా వాళ్లు తరతరాలుగా నల్లదనే చెప్తున్నారు. తెలియకపోతే అడగాలి!"

"అమ్మా, ఆ గొర్రె నాది," అన్నాడు ఒడ్డుర్ నీరసంగా.

"అందరూ అలాగే అంటారు," అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

రెండో ముద్రణలో గొర్రె నల్లగా వచ్చింది.