బండింట్లో పదకొండు పేజీలు

చాముండేశ్వరి పోయిన రోజున, ఆమె చదివి వినిపిస్తున్న నవలలో పదకొండు పేజీలు మిగిలాయి. సాయంత్రాలు ఆమె చదవడం, రాజారావు వినడం ఆ ఇంటి పద్ధతి. గడప దాటేముందు "స్విచ్చులు ఆపారా?" అని ఆమె అడగడం, "ఆపాను" అని ఆయన అనడం కూడా అంతే. ఆఖరి పేజీలు సముద్రం పక్కన, కారు వెనక లాక్కెళ్ళే బండింట్లో దీపం కింద చదువుకుందామని ఆమే ముచ్చటపడి ఒక ఆదివారం ఖాయం చేసింది. ఆమె లేకుండా ఆ ఆదివారం వచ్చింది.

ఆ ఉదయం పరదేశంలోని తమ బుకిట్ పంజాంగ్ ఫ్లాట్‌లో టీ తాగుతూ రాజారావు వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. నాలుగింటికి చేరాలి, పెందలాడే తిని రావాలి, దీపం వేసుకుని ఆ పేజీలు పూర్తి చేయాలి. ముప్ఫై ఏళ్ళు బళ్ళో విద్యుత్తు పాఠం చెప్పిన మనిషి కాబట్టి, దీపం గురించి ఆయనకు బెంగ లేదు.

బండింటి యజమాని, హౌగాంగ్‌లో ఉండే వెంకటరాజు, దాన్ని తెచ్చి తీరాన నిలిపాడు. ఆయనా, రాజారావూ, రాజారావు కూతురు మహతీ తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో తిని ఆరున్నరకు తిరిగొచ్చారు. లోపల ఒక్క దీపమూ వెలగలేదు.

"బల్బులండీ మాస్టారూ! ఉప్పుగాలికి పాడైపోయుంటాయి," అంటూ వెంకటరాజు ఎనిమిది బల్బులూ పీకి, ఒక్కొక్కటే చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టి చూశాడు. లాభం లేక అన్నీ కూరగిన్నెలో పోశాడు.

"డాడీ, ఫోన్ లైట్‌లో చదువుకోండి లా," అంది మహతి, మాట చివర అక్కడివాళ్ళ 'లా' తగిలిస్తూ.

"మీ అమ్మ దీపం అంది. ఫోన్ అనలేదు," అన్నాడు రాజారావు.

వెంకటరాజు షిప్‌యార్డులో కరెంటు పని చేసే అనిల్‌కుమార్‌కు కబురు పెట్టాడు. వారానికి ఒక్క సెలవు దొరికే ఆ శ్రీకాకుళం కుర్రాడు బిర్యానీ పొట్లం చేతబట్టుకునే బస్సెక్కి వచ్చాడు. అతనికి వెలుతురు కావాలని వెంకటరాజు కారును బండింటి నుంచి విడదీసి తిప్పి, హెడ్‌లైట్లు గుమ్మంలోకి కొట్టేలా పెట్టాడు. ఇంజను మాత్రం ఆపేశాడు.

"ఫ్యూజులన్నీ బాగానే ఉన్నాయండి," అన్నాడు అనిల్.

"అయితే బ్యాటరీ చచ్చిందన్నమాట!" అని వెంకటరాజు తేల్చాడు. ఆ మాటకే అన్నట్టు కారు హెడ్‌లైట్లు ఎర్రబడి ఆరిపోయాయి. చచ్చింది కారు బ్యాటరీ. కారు దారికి అడ్డంగా ఉంది.

కాపలాదారు సైకిల్ మీద వచ్చాడు. "అంకుల్, కెనాట్ బ్లాక్ హియర్ లా. టెన్ మినిట్స్!" అని గడువు పెట్టాడు.

"నేనేం కావాలని అడ్డం పెట్టానా బాబూ!" అని వెంకటరాజు తెలుగులోనే మొరపెట్టుకున్నాడు. వేరే దారి లేక, పనికిరాదన్న బండింటి బ్యాటరీనే అనిల్ తీసి వైర్లతో కారుకు తగిలించాడు. కారు తాళం ఒక్కసారి తిప్పగానే గర్జించింది. మహతి చప్పట్లు కొట్టింది. అనిల్ కొట్టలేదు. నిదానంగా బ్యాటరీని దాని చోట పెట్టి వచ్చాడు.

"బ్యాటరీ సుబ్బరంగా ఉంది. ఫ్యూజులు బాగున్నాయి. ఎనిమిది బల్బులూ ఒక్కపాలే పోవు కదేటి? మాస్టారూ, తిండికెళ్ళేటప్పుడు స్విచ్చులేమైనా ఆపారా?"

"ఆపాను," అన్నాడు రాజారావు.

ఆలోచించి చెప్పిన మాట కాదది. నోరు దానంతటదే అంది. ఆమె పోయినప్పటినుంచీ ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. అడిగేవాళ్ళు లేకపోయినా, బయల్దేరేటప్పుడు చెయ్యి తలుపు వెనక కనబడ్డ ఎర్ర మెయిన్ స్విచ్చును ఆపేసింది.

"కొన్నప్పటినుంచీ నేను దాన్ని ముట్టుకోనే లేదండీ!" అన్నాడు వెంకటరాజు, దాదాపు భక్తిగా.

అనిల్ స్విచ్చు తిప్పాడు. మహతి గిన్నెలోంచి ఒక బల్బు తీసి కిటికీ దగ్గర బిగించింది. వెలిగింది. అనిల్ చల్లారిన బిర్యానీ విప్పుకున్నాడు. ముగ్గురూ సర్దుకుని కూర్చున్నారు.

"చదవండి మాస్టారూ, మేమూ వింటాం," అన్నాడు వెంకటరాజు.

రాజారావు పుస్తకం తెరిచాడు. గుర్తుకోసం ఆమె పెట్టుకున్న బస్సు కార్డు అక్కడే ఉంది. ముప్ఫై ఏళ్ళు తరగతి గది చివరి బెంచీకి వినిపించిన గొంతు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. ఈ పుస్తకాన్ని ఆయన వినడమే తప్ప ఎన్నడూ చదవలేదు.

దీపం బాగానే వెలుగుతోంది. పదకొండు పేజీలూ చదవాల్సే ఉన్నాయి.