ఇంట్లో ఎవరూ వాడని మాటలు

క్రిప్టో వాలెట్‌కి తాళంగా పెట్టిన మాటలు, పెట్టినవాడికి తప్ప ఆ ఇంట్లో ఇంకెవరి నోటికీ రాకుండా, ఎవరి చెవికీ అందకుండా పోవడం కాలవపేటలో మామూలే. ఎంత దాచారో, ఎవరికి పంపారో పరాయి కంట పడనివ్వని రకం వాలెట్లతోనే ఇలా అవుతుంది. పురపాలక కార్యాలయంలో దీనికో కౌంటర్ కూడా పెట్టారు. ఏ మాట పోయిందని అక్కడి గుమస్తా అడగడు. "చెప్పక్కర్లేదండి, చెప్పలేరు కూడానూ. సంతకం చాలు," అంటాడు.

బావమరుదుల కన్ను తన సొమ్ము మీద ఉందని టైల్స్ కొట్టు వీరభద్రానికి గట్టి అనుమానం. అందుకని కంప్యూటర్లు బాగుచేసే జిలానీని ఇంటికి పిలిపించాడు. జిలానీ నిదానస్తుడు. వాలెట్ ప్రోగ్రాంని తయారుచేసినవాళ్ళ సొంత సైటు నుంచే దించాడు. అది అసలుదో నకిలీదో డిజిటల్ సంతకంతో సరిచూశాడు. ఆ తర్వాత ఇంటర్నెట్ వైరు పీకి బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు తాళానికి కంప్యూటరే పన్నెండు మాటలిస్తుందండి. పెన్నుతో కాగితం మీద రాసుకోండి. ఫోన్లో ఫొటో మాత్రం తియ్యకండి."

"అది ఏ మాటలిస్తుందో ఏం నమ్మకం? పక్కవీధి గవర్రాజుకి 'ఉప్పు' ఇచ్చింది. పాపం, వాడు ఎంత అరిచినా వంటింట్లో వినబడదు. చప్పిడి తిండి తిని చిక్కిపోయాడు."

"సొంతంగా ఎంచుకుంటే దొంగలు ఊహించేస్తారండి."

"ఊహకందనివి నేను తెస్తాగా!"

వీరభద్రానిది వ్యాపారస్తుడి బుర్ర. కదలని సరుకు గోడౌన్లో పడేస్తే కొట్టుకి నష్టమేముంది? ఇంట్లో ఎవరూ వాడని మాటలే తాళంలో పెడితే సరి. ఇంట్లో ఉండేది తనూ, భార్య రత్నమాలా. తన మాటలు తనకెలాగూ పోవు. కాబట్టి రత్నమాల ఏ మాట అనదో కనిపెట్టాలి. పెళ్ళయిన ఇన్నేళ్ళకి అతను ఆమె మాటలు చెవి పెట్టి వినడం అదే మొదలు. భలే సరదాగా కూడా ఉంది.

తన వైపు చుట్టాలు పిల్లాజెల్లాతో దిగుతున్నారని ఊరికే చెప్పి చూశాడు. "రానీయండి, దానికేం," అంది. వెంటనే కాగితం మీద 'వద్దు' అని రాసుకున్నాడు. కూర తరుగుతుంటే ఆమె వేలు తెగింది. రక్తం కారుతుంటే "ఏం లేదులెండి" అంటూ పసుపు అద్దుకుంది. 'నొప్పి' రాసుకున్నాడు. పగలల్లా పని చేసి పడుకున్నాక, రాత్రి అతను అడిగితే మళ్ళీ లేచి దోసెలు పోసింది. 'అలసట' రాసుకున్నాడు. చూస్తూండగానే పన్నెండూ నిండి, ఇంకా మిగిలిపోయాయి. తన ఇల్లు ఇంత మాటల పొదుపైనదని వీరభద్రం మురిసిపోయాడు.

మళ్ళీ పిలిపిస్తే వచ్చిన జిలానీ మొహం అటు తిప్పుకుని కూర్చుంటే, వీరభద్రం మాటలన్నీ వరసగా కొట్టి, సరిపోయాయో లేదో చూడ్డానికి మళ్ళీ ఒకసారి కొట్టాడు. వాలెట్ తెరుచుకుంది. కాగితానికి ఇంకో ప్రతి రాసి కొట్టులో దాచాడు. ఇంట్లో ఏ లోటూ రాలేదు. కూరల్లో ఉప్పు సమంగానే ఉంది. గవర్రాజు వచ్చి ఆ ఉపాయం ఏదో చెప్పమని బతిమాలి మరీ తెలుసుకుని వెళ్ళాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం రత్నమాల వంటింటి గట్టు పట్టుకుని వంగిపోయింది. మొహమంతా చెమట. ఏమైందంటే నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు. వీరభద్రం కంగారుగా ఆమెని ఆటోలో ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. "నొప్పా అమ్మా?" అని డాక్టరు ఎన్నిసార్లడిగినా ఆమె అతని పెదాల వంక చూస్తూ కూర్చుంది. అలాంటి ఇళ్ళవాళ్ళు డాక్టరుకి కొత్త కాదు. 'రోగి ఫిర్యాదు ఏమీ లేదు' అని చీటీ మీద రాసి, బలానికి మాత్రలిచ్చాడు.

ఆమెని ఇంట్లో దింపి వీరభద్రం జిలానీ దగ్గరికి పరిగెత్తాడు. "ఒకే ఒక్క మాట విడిపించడం కుదురుతుందా?"

"ఒక్కటీ కుదరదండి. సొమ్ము వేరే వాలెట్‌కి మార్చేసి దీన్ని రద్దు చేస్తే పన్నెండూ ఒక్కసారే వచ్చేస్తాయి."

"పన్నెండూనా?"

"ఆగి ఆగి వచ్చేవి కదండి, కాస్త జోరుగానే వస్తాయి."

వీరభద్రానికి రత్నమాల అంటే ప్రేమే. 'నొప్పి' ఒక్కటే అయితే ఆ నిమిషమే విడిపించేవాడు. దాని వెనకాల మిగతా పదకొండూ వరసగా గుమ్మం దాటి వస్తున్నట్టు ఊహించుకున్నాడు. ఆలోచిస్తానని చెప్పి ఇంటికి నడిచాడు.

రత్నమాల గోడకి జారబడి ఉంది. అతన్ని చూసి, పక్క నొక్కుకుంటూ లేచింది. పెదాలు కదిలాయి, ఆగాయి. అతను ఊపిరి బిగబట్టి చూశాడు.

"కాఫీ పెట్టనాండీ?" అంది.

"పెట్టు," అన్నాడు వీరభద్రం.

ఇప్పుడు కాలవపేట మగవాళ్ళంతా ఆ పద్ధతే పాటిస్తున్నారు. ఏ ఇంట్లో చూసినా అవే పన్నెండు మాటలు దొరుకుతున్నాయని జిలానీ మొదట్లో కొంచెం కంగారుపడ్డాడు. కానీ వరస మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కోలా ఉండడంతో ఇంతవరకూ ఎవరి సొమ్ముకీ ముప్పు రాలేదు.