బుధవారం ప్రార్థనకు పెళ్లివారు

బుధవారం ఉదయం పూజ ముగిసి చర్చి మెట్లు దిగుతూనే లూర్దమ్మ ఆ సాయంత్రం పనులన్నీ మనసులో వరసగా సర్దుకుంది. జపమాలలు సంచిలో ఉన్నాయి. పాటల పుస్తకాలు చంద్రమ్మ తెస్తుంది. ఆరు గంటలకల్లా ఫాదర్ జోజిరెడ్డి గారిని, ఫాదర్ కావడానికి చదువుతున్న బ్రదర్ బాలశౌరిని వెంటబెట్టుకుని, అమీర్‌పేటలో కొత్తగా దిగిన ఆరోగ్యరాజు అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఇంటికి చేరాలి. ఇంటిని ఆశీర్వదించాలి, ప్రార్థన చేయాలి, తర్వాత వాళ్ళు పెట్టే టిఫిను తినాలి. ఇందులో తప్పు జరగడానికి ఆమెకు ఎక్కడా సందు కనిపించలేదు.

నిజానికి ఆ సాయంత్రం మీద లూర్దమ్మ పెద్ద ఆశే పెట్టుకుంది. ఒకప్పుడు ఆమె నడిపే బుధవారం కూటం పంజగుట్టలో ఎవరింట్లో జరిగినా గుమ్మం ముందు చెప్పులు పట్టేవి కావు. ఇప్పుడు కుర్రకారంతా సాయంత్రమైతే జావా క్లాసుల్లో కూర్చుంటున్నారు. ఉద్యోగాలు దొరికినవాళ్ళు ఆ వేళకే షిఫ్టులకు బయల్దేరుతున్నారు. చివరికి కూటానికి మిగిలింది లూర్దమ్మ, చంద్రమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు. పోయిన ఆదివారం ఫాదర్ గారు ఆమెను పక్కకు పిలిచి, "లూర్దమ్మా, మీ కూటాన్ని శ్రీనగర్ కాలనీ కూటంలో కలిపేద్దామనుకుంటున్నాను" అన్నారు.

"ఒక్క బుధవారం మీరే వచ్చి చూడండి ఫాదర్. తర్వాత మీ ఇష్టం" అంది లూర్దమ్మ.

అందుకే ఉన్న నలుగురూ నిండుగా కనబడాలని అందరినీ పట్టుచీరలు కట్టుకోమంది. పళ్ళు, స్వీట్లు కొనిపించింది. మధ్యాహ్నం నుంచి వాన మొదలైంది. పంజగుట్ట చౌరస్తాలో ఓ బస్సు గుంటలోంచి దూసుకుపోయి, స్కూటరు మీద వస్తున్న ఫాదర్ గారి తెల్లటి అంగీని నడుం దాకా బురదమయం చేసింది. ఆయన దాన్ని విప్పి సంచిలో కుక్కుకుని, ప్యాంటు చొక్కాతోనే అపార్ట్‌మెంటు గేటు దగ్గర దిగారు. వెనక సీటు మీంచి నీలం చొక్కా టక్ చేసుకున్న బాలశౌరి దిగాడు.

ఫోనులో ఆరోగ్యరాజు ఫ్లాటు నంబరు చెప్పేటప్పుడు లూర్దమ్మ ఇంట్లో కుక్కరు కూత పెట్టింది. ఆ నంబరు ఆమెకు వినబడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఓదెలు ఉన్నాడు కదా అని ఆమె ధైర్యం. ఓదెలు ఆమె నోరు తెరిచేదాకా ఆగలేదు.

"మీ కోసమే చూస్తున్నరమ్మా. మూడో అంతస్తు, లిఫ్టు ఎదురుంగనే ఇల్లు. జల్ది పోండ్రి."

ఓదెలుకు ఆ రోజు రెండు ఆజ్ఞలు అందాయి. చర్చివాళ్ళు వస్తారు, తమ ఇంటికి పంపమని నాలుగో అంతస్తు ఆరోగ్యరాజు చెప్పాడు. అమ్మాయిని చూడటానికి పెళ్లివారు వస్తారు, మర్యాదగా పంపమని మూడో అంతస్తు చక్రపాణి చెప్పారు. చర్చివాళ్ళంటే తెల్లబట్టల్లో వస్తారని ఓదెలు లెక్క. పట్టుచీరలు, పళ్ళు, స్వీటు డబ్బాలు, టక్ చేసుకున్న కుర్రాడు కలిసి వస్తే వాళ్ళు పెళ్లివారు కాక ఇంకెవరు? పావుగంట తర్వాత తెల్ల లాల్చీ పైజమాలో, నెరిసిన గడ్డంతో ఓ పెద్దమనిషి కుటుంబంతో దిగితే, అతను ఏ అనుమానమూ లేకుండా నాలుగో అంతస్తుకు పంపాడు. రెండు కుటుంబాలనూ ఎరిగిన పెళ్లిళ్ల మధ్యవర్తి ఆ సమయానికి ఖైరతాబాద్‌లో, గణేశుణ్ణి చూడటానికి వచ్చిన జనం మధ్య ఆటోలో ఇరుక్కుపోయి ఉన్నాడు.

మూడో అంతస్తులో తలుపు తీసిన చక్రపాణి చేతులు జోడించి ఎదురొచ్చారు. "రండి, రండి. వాన బాగా ఇబ్బంది పెట్టినట్టుంది."

ఆరోగ్యరాజు మామగారు కాబోలనుకుంది లూర్దమ్మ. "ఈయన ఫాదర్ గారండీ" అని పరిచయం చేసింది.

"చూడగానే తెలిసిందండీ. పోలికలు ఎక్కడికి పోతాయి?" అంటూ చక్రపాణి బాలశౌరి వైపు చూసి మురిసిపోయారు. ఫోటోలో కుర్రాడికి మీసం ఉంది. తీసేసి ఉంటాడని ఆయన సరిపెట్టుకున్నారు.

"అబ్బాయి ఇంకా రాలేదాండీ?" ఆరోగ్యరాజు కోసం అటూ ఇటూ చూసింది లూర్దమ్మ.

తన కొడుకును అడుగుతోందనుకున్నారు చక్రపాణి. "మా వాడి ఆఫీసు బేగంపేటలో. ఏడింటికి గానీ రాడండీ."

లెక్క కుదిరింది. టీవీ మీద వినాయకుడి బొమ్మ చూసి ఆమె కాస్త ఆగింది కానీ, ఇంటి ఓనరు ఇంకా సామాను తియ్యలేదేమోననుకుని ఊరుకుంది. చక్రపాణి భార్య రత్నమాల మైసూర్‌పాకు, కారప్పూస పళ్ళాలు తెచ్చింది. ఆవిడ వెనకే లేత ఆకుపచ్చ చీరలో వాళ్ళమ్మాయి వచ్చి, తల వంచుకుని కుర్చీలో కూర్చుంది.

చంద్రమ్మ లూర్దమ్మ చెవి దగ్గర గుసగుసలాడింది. "మస్తు మర్యాద చేస్తున్నరు లూర్దక్కా. ప్రార్థన గాకముందే పళ్ళాలొచ్చినయ్. గిసుంటి ఇల్లు ఇన్నేండ్లల్ల చూసినమా?"

ఫాదర్ గారు అమ్మాయి వైపు తిరిగారు. "నీ పేరేంటమ్మా?"

"హైందవి అండీ."

ముప్పై ఏళ్లుగా బాప్తిస్మాలు ఇస్తున్న ఫాదర్ గారు ఒక్క క్షణం తటపటాయించారు. జ్ఞానస్నానం పేరు వేరే ఉంటుందిలెమ్మనుకున్నారు. కొత్త ఇంటికి వెళ్ళినప్పుడల్లా, ప్రార్థనకు ముందు పిల్లల్ని అడిగే ప్రశ్నే ఈ అమ్మాయినీ అడిగారు.

"చెప్పమ్మా, నీ మనసులో ఏం కోరుకుంటున్నావు?"

హైందవి తలెత్తి చూసింది. ఇంతకు ముందు వచ్చిన పెళ్లివారు పాట పాడమన్నారు, నడవమన్నారు, వంటలు ఏవేం వచ్చో చెప్పమన్నారు. ఈ ప్రశ్న మాత్రం ఎవరూ అడగలేదు.

"నాకు బెంగళూరులో ఉద్యోగం వచ్చిందండీ. వచ్చే నెలలో చేరాలి" అంది మెల్లగా. "పెళ్లి కుదిరేదాకా ఎక్కడికీ వెళ్ళొద్దంటున్నారు నాన్నగారు. మగపెళ్లివారికి నచ్చదేమోనని భయం. నాకు మాత్రం వెళ్ళాలని ఉందండీ."

చక్రపాణి కంగారుగా కుర్చీ అంచుకు జరిగారు. నెల రోజులుగా ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వకుండా నెట్టుకొస్తుంటే, పిల్ల సరిగ్గా మగపెళ్లివారి ముందే బయటపెట్టింది.

"కష్టపడి చదువుకుని తెచ్చుకున్న ఉద్యోగం, వెళ్ళక ఏం చేస్తుందండీ?" అన్నారు ఫాదర్ గారు. "పంపించండి. మీరేమంటారు?"

చక్రపాణి ఊపిరి పీల్చుకున్నారు. అబ్బాయి తండ్రే పంపమంటుంటే ఇంక అడ్డేముంది? "తమరే అలా అన్నాక నేను కాదంటానా? పంపిస్తానండీ. మీ అందరి ముందూ మాటిస్తున్నాను."

ప్రార్థన మొదలుకాకుండానే ఒక విన్నపం నెరవేరిందని లూర్దమ్మ పొంగిపోయింది. హైందవి కళ్ళు తుడుచుకుంది. ఇంత మంచి మామగారు దొరకబోతున్నారని రత్నమాల కళ్ళు కూడా తడి అయ్యాయి. ఆవిడ ధైర్యం తెచ్చుకుని బాలశౌరిని చూపిస్తూ అడిగింది. "బాబు ముందు ముందు ఏం అనుకుంటున్నాడండీ?"

"అనుకునేదేముందండీ," అంది లూర్దమ్మ గర్వంగా, "వచ్చే ఏడాది ఫాదర్ అయిపోతారు."

రత్నమాల చేతిలోని పళ్ళెం వంగి, కారప్పూస బల్ల మీదికి జారింది. "వచ్చే ఏడాదేనా?"

"మే నెలలో. అసలు ఈ ఏడాదే కావాల్సింది. మధ్యలో కామెర్లు వచ్చి ఆగింది పాపం."

బాలశౌరి వినయంగా తల వంచుకున్నాడు. చక్రపాణి అతన్నీ, ఫాదర్ గారినీ, మళ్ళీ అతన్నీ చూశారు. "మరి పెళ్లి?" అన్నారు.

"ఈయనకి పెళ్లేంటండీ?" అని లూర్దమ్మ నవ్వింది.

ఇంట్లో మళ్ళీ ఎవరూ నోరు విప్పకముందే మెట్ల మీద పెద్ద గొంతులు వినిపించాయి. తెరిచి ఉన్న తలుపులోంచి తెల్ల లాల్చీ పెద్దమనిషి లోపలికొచ్చారు. ఆయన అసలు పెళ్లికొడుకు తండ్రి వీరవెంకటసత్యనారాయణ. వెనక ఆయన భార్య, కొడుకు వంశీధర్, వాళ్ళ వెనక వగరుస్తూ ఆరోగ్యరాజు, అతని భార్య జసింత.

"చక్రపాణి గారిల్లు ఇదేనా?" అన్నారాయన. "పైనింట్లో మా ఆవిడ ఈ అమ్మాయిని పాట పాడమంటే పాడింది. బాగానే ఉంది. వంట వచ్చా అని అడిగితే, 'మా ఆయన్ని అడగండి, రెండేళ్లుగా తింటున్నారు' అంది. ఎలా ఉంటుంది చెప్పండి మాకు?"

"కొత్తగా చేరినవాళ్ళని చర్చివాళ్ళు ఇలా పరీక్షిస్తారనుకున్నానండీ" అంది జసింత బిక్కమొహంతో.

ఫాదర్ గారు సంచిలోంచి బురద అంగీ తీసి చూపించాక గానీ అందరికీ విషయం తెలియలేదు. తెలిశాక ముందుగా ఆయనే నవ్వారు. ఒక్క లూర్దమ్మకే నవ్వు రాలేదు. తన చేతులతో తానే కూటాన్ని శ్రీనగర్ కాలనీకి సాగనంపినట్టు అనిపించి, గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

చక్రపాణి మాత్రం మెల్లగా వెనక్కి తగ్గబోయారు. "ఉద్యోగం మాట నేను... ఈయన అబ్బాయి తండ్రి అనుకుని అన్నానండీ."

"ఏ ఉద్యోగం?" అన్నారు వీరవెంకటసత్యనారాయణ.

ఈసారి హైందవి తల వంచుకోలేదు. బెంగళూరు సంగతి మొదటి నుంచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విని గడ్డం సవరించుకున్నారు. "ఉద్యోగం చేసే అమ్మాయే కావాలని మేం మధ్యవర్తికి మొదటి రోజే చెప్పాం కదండీ. ఆయన మీకు చెప్పలేదా?"

చక్రపాణి చెప్పలేదన్నట్టు తల ఊపారు. ఇన్నాళ్లూ తాను భయపడింది ఎవరూ అనని మాటకని ఆయనకు అప్పుడే అర్థమైంది. కూతురి వైపు చూడలేక, "టికెట్టు నేనే తీస్తాలేమ్మా" అని గొణిగారు.

పైన ఆరోగ్యరాజు ఇంట్లో బిర్యానీ చల్లారుతోంది. అందరూ రావాలని అతను పట్టుబట్టాడు. ముందు ప్రార్థన ఉంది, ఇబ్బంది లేనివాళ్ళు కూర్చోవచ్చన్నారు ఫాదర్ గారు. దేవుడి పేరు వినబడే చోటికి వెళ్ళడానికి ఇబ్బందేమిటని వీరవెంకటసత్యనారాయణే ముందు మెట్లెక్కారు. ఓదెలు కూడా గేటు వదిలి వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. హాలు నిండి, జనం వంటింటి దాకా సర్దుకోవాల్సి వచ్చింది.

ఫాదర్ గారు ఆ హాలును ఒకసారి చూసి, లూర్దమ్మకు మాత్రమే వినబడేలా అన్నారు. "శ్రీనగర్ కాలనీ వాళ్ళనే మీ కూటంలో కలుపుదాంలెండి." లూర్దమ్మ పాటల పుస్తకం తలకిందులుగా తెరిచింది.

పాట అయింది, జపమాల అయింది. విన్నపాలు చెప్పుకునే వేళ ఒక్కొక్కరూ తమ కోరిక చెప్పారు. హైందవి మాత్రం థాంక్స్ చెప్పింది. చివరికి వంతు వంశీధర్‌కు వచ్చింది. రెండు అంతస్తులు ఎక్కి దిగినా ఆ సాయంత్రం ఒక్కరూ పలకరించని మనిషి అతనొక్కడే.

"నాకు పెద్ద కోరికలేం లేవండీ," అన్నాడు వంశీధర్, "ఎవరైనా ఒక కప్పు కాఫీ ఇస్తే చాలు."

హైందవి నవ్వు ఆపుకుంటూ లేచి, జసింత వంటింట్లోంచి కాఫీ తెచ్చి అతని చేతికిచ్చింది.

పెళ్లిచూపులు ఆ విధంగా, ఆమెన్‌కు కొంచెం ముందు, శాస్త్రోక్తంగా ముగిశాయి.